ముఖమున రంగు నిలుపు పౌడరు: గ్రామ నాటకములను గురించి పంచాయతీ సభ్యులకొక పాఠము

పంట ఇంటికి చేరి కళ్ళములు ఖాళీ యైన పిదప మన గ్రామములలో నాటకముల కాలము వచ్చును. సంక్రాంతి మొదలు వేసవి జాతరల వరకు ఏదో యొక ఊరిలో పందిరి పడుచునే యుండును. ఒకచోట శ్రీకృష్ణ రాయబారము, మరియొకచోట సత్యహరిశ్చంద్ర, ఇంకొకచోట చిందు భాగవతము, వేరొకచోట కూచిపూడి వారి భామాకలాపము ప్రదర్శింపబడును. ఈ ప్రదర్శనముల యేర్పాట్లలో పంచాయతీ సభ్యుల పాత్ర లేని గ్రామము అరుదు. పందిరి, దీపములు, మైకు, కుర్చీలు, పెద్దలకు కప్పు శాలువలు, వీనినన్నిటిని గురించి సభ్యులు కూర్చుండి ఆలోచింతురు. నటుని ముఖమునకు పూయు రంగును గురించి, దానిపై అద్దు పౌడరును గురించి మాత్రము ఎవ్వరును ఆలోచింపరు. అది నటుల సొంత వ్యవహారమని మనమందరము భావించుచున్నాము. అది గ్రామము వారి వ్యవహారము కూడ నని తెలుపుటకే ఈ పాఠము.

కొంత కాలము క్రిందట మేమొక గ్రామమున సత్యహరిశ్చంద్ర నాటకమును చూచితిమి. హరిశ్చంద్రుని పాత్రధారి గొంతు మధురమైనది; పద్యము చెప్పు తీరు మెచ్చదగినది. కాటిసీను వచ్చుసరికి రాత్రి రెండు గంటలు దాటెను. అప్పటికి ఆయన నుదుటి రంగు చెమటతో కరగి కనుబొమల మీదుగా చెంపలపైకి చారలు కట్టెను. కంటిలో రంగు పడి ఆయన మాటిమాటికి కన్ను నులుముకొనుచుండెను. లోహితాస్యుని కొరకు విలపించు ఘట్టమున ముందు వరుసలోని యువకులు నవ్విరి. పాడిన పద్యము వృథా పోయెను.

నాటకము ముగిసిన పిమ్మట మేము తెర వెనుకకు వెళ్ళితిమి. అచట ఒక వృద్ధ నటుడు పాత తకరపు డబ్బాలో మిగిలిన పసుపుపచ్చని పొడిని మూటకట్టుకొనుచుండెను. అది అర్దళము. ఆయన చెంపలపైనను మెడపైనను నల్లని మచ్చలు కనబడెను. మేము అడుగగా ఆయన, "అయ్యా, మా తాతలనాటి నుంచి మొహానికి అర్దళమే. తెల్లవార్లూ ఆడినా చెక్కు చెదరదు. ఈ కుర్రాళ్ళు వేసే రంగు రెండు ఝాములు కూడా నిలవదు" అని చెప్పెను.

ఒకరి రంగు నిలువలేదు. మరియొకరి రంగు నిలిచెను గాని, అది ఆర్సెనిక్ విషముతో కూడిన రంగు. రంగును నిలువవలెను, ముఖమును నిలువవలెను. ఈ రెండును సాధ్యమే. అందులకు కావలసినది మంచి పౌడరు, దానిని అద్దు పద్ధతి, కొంచెము సబ్బు, కొంచెము నీరు, గ్రామము వారి శ్రద్ధ.

ముఖాలంకరణ ఎందులకు?

భరతముని నాట్యశాస్త్రమున అభినయము ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు విధములుగా చెప్పబడినది. వేషము, ఆభరణములు, ముఖమునకు వేయు రంగు ఇవి యన్నియు ఆహార్యమున చేరును. కనుక రంగు వేయుట అభినయములో ఒక భాగమే గాని కేవలము సింగారము కాదు.

తెలుగు రంగస్థలమున ఈ విద్యకు గొప్ప చరిత్ర కలదు. 1885వ సంవత్సరమున కడప జిల్లాలోని సురభి గ్రామమున కీచకవధ ప్రదర్శనముతో ఆరంభమైన సురభి నాటక సమాజము కుటుంబ నాటక సమాజముగా పేరు గాంచినది. ఆ కుటుంబముల స్త్రీలే స్త్రీ పాత్రలను ధరించిరి. ఇతర సమాజములలో పెక్కింట పురుషులే స్త్రీ వేషములు కట్టెడివారు. స్థానం నరసింహారావుగారు సత్యభామ, రోషనార మున్నగు పాత్రలలో అఖండ కీర్తి పొంది 1956లో పద్మశ్రీ బిరుదము నందుకొనిరి. పురుషుని గడ్డపు నీలి ఛాయను కప్పి, చెక్కిలి నునుపును చూపవలెనన్నచో రంగు, పౌడరు రెండును ఎంత నేర్పుతో వేయవలసి యుండునో ఊహింపవచ్చును.

పూర్వము కాగడాల వెలుగునను, తరువాత పెట్రోమాక్సు దీపముల వెలుగునను నాటకములు జరిగెడివి. వెలుగు తక్కువ, ప్రేక్షకులు దూరమున నుందురు. అందుచే ముదురు రంగులు దట్టముగా పూయవలసి వచ్చెడిది. నేడు ప్రకాశవంతమైన విద్యుద్దీపములు వచ్చినవి. ముందు వరుసలోని వారు సెల్‌ఫోనులతో చిత్రములు తీయుచున్నారు. నాటి దట్టమైన పూత నేటి వెలుగున గోడకు వేసిన సున్నము వలె కనబడును. కావున పలుచగా, సహజముగా, చివరి పద్యము వరకు నిలుచునట్లుగా రంగు వేయుట నేటి అవసరము.

పౌడరు చేయు పని

రంగస్థలపు గ్రీజు రంగును కడ్డీల రూపమున 1873లో జర్మనీ దేశమున లైష్నర్ అను గాయకుడు తయారుచేయ మొదలిడెను. దానిలో ముఖ్యముగా మూడు వస్తువులుండును: నూనె, మైనము, రంగు పొడి. నూనె, మైనము కలిసి యుండుటచే రంగు చర్మముపై సులభముగా ప్రాకును. అదే గుణము దానికి దోషము కూడ అగుచున్నది. ఒంటి వేడికిని, దీపముల వేడికిని ఆ మైనము మెత్తబడును. చర్మము నుండి ఊరు జిడ్డు దానిలో కలియును. చెమట దానిని లేవనెత్తును. రంగు జారుటకు కారణమిదియే.

ఆ పూతపై సన్నని పౌడరును అద్దినచో అది మూడు పనులు చేయును. మొదట, పైన తేలిన నూనెను పీల్చుకొనును. చెడుగుడు ఆటగాడు చెమట పట్టిన అరచేతులకు పొడిమట్టి రుద్దుకొని పట్టు సంపాదించుట మనము చూచుచున్నాము గదా! రెండవది, పూతపై పలుచని పొడి పొరగా నిలిచి, చేయి గాని వస్త్రము గాని తగిలినను రంగు అంటకుండ కాపాడును. అంటుకొను పిండి ముద్దపై పొడిపిండి చల్లినచో చేతికి అంటుకొననట్లే యిదియును. మూడవది, దీపపు కాంతిని నలుదెసల చెదరగొట్టి ముఖముపై జిడ్డు మెరుపును తగ్గించును. ముఖము సహజముగా కనబడుట ఈ మూడవ పని వలననే.

పౌడరులో సాధారణముగా వాడు వస్తువు టాల్కు. బడిపిల్లలు పలకపై వ్రాయు బలపపు రాయి ఈ జాతిదే. ఖనిజములన్నిటిలో మిక్కిలి మెత్తనిది టాల్కు. కర్నూలు, అనంతపురము ప్రాంతములలో బలపపు రాయి దొరకును. టాల్కుతో పాటు నునుపైన తెల్లమట్టి, జింకు ఆక్సైడు, మెగ్నీషియము కార్బొనేటు, సిలికా, బియ్యపు పిండి లేక మొక్కజొన్న పిండి మున్నగునవి తగు పాళ్ళలో కలుపుదురు. తెల్లమట్టియు మెగ్నీషియము కార్బొనేటును జిడ్డును పీల్చును. జింకు ఆక్సైడు చర్మపు ఛాయను కప్పును. ఇనుము ఆక్సైడులు పసుపు, ఎరుపు, గోధుమ ఛాయల నిచ్చును.

పూయు విధానము

మొదటి పని ముఖమును కడుగుట. సబ్బుతో కడిగి, మెత్తని గుడ్డతో అద్ది, పది నిమిషముల సేపు గాలికి ఆరనీయవలెను. తడి ముఖముపై రంగు పట్టదు. చెమటపై పూసిన రంగు చెమటతోనే పోవును. పొడి చర్మము గలవారు కొంచెము క్రీము రాచుకొని, మిగిలిన జిడ్డును గుడ్డతో తీసివేయవలెను. దట్టముగా నూనె పూసికొని దానిపై రంగు వేయుట పెక్కుమంది నటుల అలవాటు. మేము చూచిన హరిశ్చంద్రుని ముఖము కరగుటకు ఇదియే మూలము.

రెండవ పని రంగు పూయుట. పలుచగా పూసి, ముఖమంతట, చెవుల వెనుకను, మెడకును సమముగా ప్రాకించవలెను. చెక్కిళ్ళ ఎరుపు, ముడుతల గీతలు, కనుబొమల దిద్దుబాటు, కంటి గీతలు గ్రీజు రంగుతో వేయువారు పౌడరునకు ముందే వేసికొనవలెను. పొడి రూపములోని ఎరుపు వాడువారు పౌడరు తరువాత వేసికొనవలెను. మీసము, గడ్డము జిగురుతో అంటించుకొను చోట రంగు గాని పౌడరు గాని లేకుండ చర్మమును శుభ్రముగా నుంచవలెను. జిడ్డుపై జిగురు పట్టదు.

మూడవ పని పౌడరు అద్దుట. ఇందు ముఖ్య సూత్రము ఒక్కటే: అద్దవలెను, రుద్దరాదు. రుద్దినచో క్రింది రంగు చారలు చారలుగా కదలును. పఫ్‌కు కొంచెము పౌడరు పట్టించి, దానిని మడచి రెండు వైపులను కలిపి నలిపినచో పౌడరు పఫ్ లోనికి ఇంకును. దులిపి, మిగిలిన దానిని నుదుట, ముక్కు పైన, ముక్కు ప్రక్కల, పెదవి పైన, గడ్డముపై ముందుగా అద్దవలెను. జిడ్డు ఎక్కువగా ఊరు చోట్లివియే. తరువాత చెంపలకు, మెడకు, చివరకు కనురెప్పలకు అద్దవలెను. కనురెప్పలకు అద్దునప్పుడు కన్నులు మూసికొని, క్షణము ఊపిరి బిగబట్టవలెను. పౌడరును గాలిలో ఎగురగొట్టరాదు.

నాల్గవ పని ఆగుట. అద్దిన పౌడరును రెండు మూడు నిమిషములు అట్లే వదలివేయవలెను. అది జిడ్డును పీల్చుటకు ఆ కాలము పట్టును. తొందరపడి దులిపినచో పని సగములో ఆగిపోవును.

ఐదవ పని మిగిలిన పౌడరును తీసివేయుట. మెత్తని కుంచెతో పై నుండి క్రిందికి, తేలికగా, ముఖముపై నూగు వ్రాలి యున్న దిశలోనే దులుపవలెను. పిమ్మట శుభ్రమైన గుడ్డను గాని స్పంజిని గాని నీటిలో ముంచి, గట్టిగా పిండి, ముఖముపై ఒక్కసారి అద్దినచో పిండి చల్లినట్లుండు తెలుపు పోయి చర్మము చర్మము వలెనే కనబడును. పెదవుల రంగు దీని తరువాత.

ఆరవ పని దూరము నుండి చూచుట. వేషము వేసికొనిన గదిలోని దీపము వేరు, రంగస్థలపు దీపములు వేరు. నటుని ఒక్కసారి రంగస్థలముపై నిలువబెట్టి, ముందు వరుస నుండి ఒకరు, వెనుక వరుస నుండి ఒకరు చూచి చెప్పవలెను. కొన్ని సన్నని సిలికా పౌడరులు కంటికి కనబడవు గాని, ఫోటో మెరుపు పడినప్పుడు ముఖము సున్నము కొట్టినట్లు తెల్లబడును. అందుచే ముందుగా ఒక ఫోటో తీసి చూచుట మంచిది.

పౌడరు రంగును గురించి ఒక మాట. తెల్లని పౌడరు చామనఛాయ ముఖముపై పడినచో బూడిద పూసినట్లుండును. నటుని చర్మపు ఛాయకు గాని, వేసిన రంగునకు గాని సరిపోలు పౌడరునే వాడవలెను. నల్లని వారు అందముగా కనబడవలెనన్నచో తెల్లబడవలెనను భ్రమను రంగస్థలము నుండి తొలగింపవలెను. శ్రీకృష్ణుడే నల్లనివాడు గదా!

చెమట పట్టినప్పుడు

కోస్తా జిల్లాలలో గాలిలో తేమ అధికము. చెమట ఆరదు, ముఖముపైననే నిలిచి రంగును లేపును. అచట పలుచని రంగు, పలుచని పౌడరు, మరల పలుచని పౌడరు, ఈ విధముగా రెండు పొరలు వేయుట మేలు. రాయలసీమ, తెలంగాణములలో వేసవి గాలి పొడిగా నుండును. అచట పౌడరు ఎక్కువైనచో నవ్వినప్పుడు, పద్యము ఎత్తినప్పుడు పెదవుల ప్రక్కలను కన్నుల క్రిందను పూత బీటలు వారును. కనుక అచట పౌడరు తగ్గించి, తడి స్పంజి అద్దుటపై శ్రద్ధ వహింపవలెను.

రంగముల నడుమ నటుడు లోనికి వచ్చినప్పుడు చెమటపై నేరుగా పౌడరు చల్లరాదు, ముద్దలు కట్టును. ముందు పలుచని కాగితముతో గాని మెత్తని గుడ్డతో గాని చెమటను అద్ది తీసి, తరువాతనే కొంచెము పౌడరు అద్దవలెను. ఒక పంఖా, ఒక చెంబెడు మంచినీరు అచట నున్నచో సగము కష్టము తీరును.

వాడదగని వస్తువులు

ఈ భాగమును సభ్యులు ప్రత్యేక శ్రద్ధతో చదువవలెనని కోరుచున్నాము.

అర్దళము, అనగా హరిదళము, ఆర్సెనిక్, గంధకము కలిసిన ఖనిజము. మణిశిల దాని తోబుట్టువు. వీథి భాగవతములలోను, యక్షగానములలోను పసుపుపచ్చని రంగునకై దీనిని తరతరములుగా వాడిరి. పొడిగా నూరునప్పుడు ఇది ఊపిరితో లోనికి పోవును. పెదవుల మీదుగా, చెమటతో, వ్రేళ్ళతో నోటిలోనికి పోవును. ఆర్సెనిక్ కొంచెము కొంచెముగా అనేక సంవత్సరములు శరీరమున చేరినచో చర్మముపై నల్లని మచ్చలు, అరచేతులలోను అరికాళ్ళలోను గట్టి పొరలు కలుగును. చర్మము, ఊపిరితిత్తులు, మూత్రాశయములకు కాన్సరు వచ్చు ప్రమాదము కలదు. ఆర్సెనిక్, దాని అకర్బన సమ్మేళనములు మానవులకు కాన్సరు కలిగించునవిగా అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ వర్గీకరించినది.

సఫేదా అను పేరు జింకు తెలుపునకును చెల్లును, సీసపు తెలుపునకును చెల్లును. మొదటిది ముఖమునకు వాడదగినది, రెండవది విషము. గోడలకు, తలుపులకు వేయు రంగుల దుకాణములో కొనిన తెల్లపొడిని ముఖమునకు పూయనే రాదు. ఎర్రని సిందూరములలో సీసపు ఆక్సైడు గలవి కలవు. ఇంగిలీకము పాదరసపు ఖనిజము. సీసము ఇంతవరకు శరీరమున చేరినను హాని లేదని చెప్పదగిన పరిమాణమేదియు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. పిల్లల మెదడునకు అది మరింత కీడు. లోహితాస్యుడు, ప్రహ్లాదుడు, బాలకృష్ణుడు, ఈ పాత్రలు ధరించువారు పసివారని మరువరాదు.

మన దేశమున 1940 నాటి ఔషధముల, సౌందర్య సాధనముల చట్టము అమలులో నున్నది. దాని క్రింద 2020లో వెలువడిన సౌందర్య సాధనముల నియమములు రంగు కొరకు సీసపు, ఆర్సెనిక్ సమ్మేళనములను వాడరాదని నిషేధించినవి. వాడు రంగు పదార్థములలో కల్తీగా చేరు సీసము పదిలక్షల పాళ్ళలో 20 పాళ్ళను, ఆర్సెనిక్ 2 పాళ్ళను మించరాదు. సంతలో కాగితపు పొట్లములలో కట్టి అమ్ము పొడికి ఈ పరీక్షలేవియు జరుగవు.

ఇక టాల్కును గురించి. గనిలో టాల్కు ఉన్న చోటనే ఆస్బెస్టాసు అను హానికరమైన నార ఖనిజము కూడ ఉండుట కద్దు. అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ 2024లో టాల్కును కాన్సరు కలిగించు అవకాశము మెండుగా నున్న పదార్థముల వర్గమున చేర్చినది. అందుచే టాల్కు లేని పౌడరు దొరకినచో దానినే ఎన్నుకొనుట మంచిది. టాల్కు పౌడరు వాడవలసి వచ్చినచో కొంచెముగా, అద్దుచు, గాలిలో ఎగురకుండ వాడవలెను. పసిపిల్లల ముఖముపై ఏ పౌడరును చల్లరాదు. ఆ రేణువులు వారి ఊపిరితిత్తులకు హాని చేయును.

కొనునప్పుడు డబ్బాపై తయారుచేసిన వారి పేరు, చిరునామా, లైసెన్సు సంఖ్య, బ్యాచి సంఖ్య, వాడదగిన గడువు తేది ఉన్నవో లేవో చూడవలెను. ఇవి లేని డబ్బాను కొనరాదు. క్రొత్త రంగును గాని పౌడరును గాని మొదట మోచేతి లోపలి వైపున కొంచెము పూసి ఒక దినము చూడవలెను. దురద, దద్దురు కలిగినచో దానిని విడువవలెను.

అర్దళమునకు బదులుగా ఇనుము ఆక్సైడుతో చేసిన పసుపుపచ్చని గ్రీజు రంగులు నేడు లభించుచున్నవి. వానిని పలుచగా పూసి, పైన చెప్పిన రీతిని పౌడరు అద్దినచో పసుపు ఛాయయు నిలుచును, చర్మమునకు విషమును అంటదు.

పఫ్‌లు, కండ్లకలక

ఒక్క పఫ్‌తో పదిమంది ముఖములకు పౌడరు అద్దుట మన సమాజములలో సామాన్యము. ఒకరికి కండ్లకలక యున్నచో నాటకము ముగియుసరికి పదిమందికిని అది అంటవచ్చును. చర్మవ్యాధులును అట్లే. ప్రతి నటునకు వేరు పఫ్, వేరు కంటి కుంచె ఉండవలెను. అది కుదరనిచో దూది ముక్కలు కత్తిరించి, ఒక్కొక్కరికి ఒక్కొక్క ముక్క నిచ్చి, వాడిన వెంటనే పారవేయవలెను. పౌడరును పెద్ద డబ్బా నుండి చిన్న కాగితముపై పోసికొని వాడవలెనే గాని డబ్బాలో పఫ్ ముంచరాదు.

నాటకము ముగిసిన పిదప రంగుతోనే నిద్రించుట చెడు అలవాటు. కొబ్బరినూనెను ముఖమునకు రాచి, రంగు కరగిన పిమ్మట దూదితో గాని గుడ్డతో గాని తుడిచి, సబ్బుతో కడిగి, మంచినీటితో మరల కడుగవలెను. పొడిగుడ్డతో గట్టిగా రుద్దినచో చర్మము గీరుకొనిపోవును. చేతులు కడుగనిదే భోజనమునకు కూర్చుండరాదు.

మంటను గూర్చి హెచ్చరిక

వీథి నాటకములలో పాత్ర ప్రవేశమునకు కాగడాపై గుగ్గిలపు పొడి చల్లి వెలుగు లేపు ఆచారము కలదు. టాల్కు మండదు. బియ్యపు పిండి, మొక్కజొన్న పిండి మండును. గాలిలో మేఘము వలె లేచినప్పుడు నిప్పు తగిలినచో ఒక్కసారిగా అంటుకొనును. తైవాను దేశమున 2015 జూన్ 27న ఒక వినోద ఉత్సవములో జనముపై చల్లిన రంగుల మొక్కజొన్న పిండి అంటుకొని 15 మంది మరణించిరి, సుమారు 500 మంది గాయపడిరి. కనుక పిండి కలిసిన పౌడరును దీపము, కాగడా, చుట్ట, బీడీల చెంత వాడరాదు. రంగస్థలముపై పిండిని, రంగుపొడిని వెదజల్లు వేడుకను సభ్యులు అనుమతింపరాదు.

పంచాయతీ చేయదగిన పనులు

ఇవి పెద్ద వ్యయముతో కూడినవి కావు. నాటకము వారితో మాట్లాడుకొనునప్పుడే రంగును, పౌడరును గురించి అడుగవలెను. అర్దళము, సీసపు తెలుపు వాడరాదని మర్యాదగా చెప్పవలెను. పేద కళాకారుడు చౌక యని విషపు రంగు వాడుచున్నచో, ఆ నెపమున ఆయనకిచ్చు సొమ్ములో కోత విధింపరాదు. మంచి రంగును, పౌడరును గ్రామము వారే కొని యీయవలెను. శాలువల ఖర్చులో కొంత తగ్గించినను ఇది సాగును.

పంచాయతీ భవనములో గాని పాఠశాలలో గాని ఒక గదిని వేషములకై యీయవలెను. ఆ గదిలో మంచి దీపము, అద్దము, పంఖా, బిందెడు మంచినీరు, సబ్బు, కొబ్బరినూనె, దూది, శుభ్రమైన గుడ్డలు, చెత్తబుట్ట ఉండవలెను. స్త్రీ నటులకు వేరు గది, గడియ గల తలుపు ఉండవలెను. మిగిలిపోయిన అర్దళమును చెరువులో గాని, మురుగు కాలువలో గాని, పెంటకుప్పపై గాని పారవేయరాదు. దానిని మూత గల సీసాలో పిల్లలకు అందకుండ భద్రపరచి, కాలుష్య నియంత్రణ మండలి వారి సలహా తీసికొనవలెను. చిరునామా, లైసెన్సు సంఖ్య లేని సౌందర్య సాధనములు సంతలో అమ్మబడుచున్నచో ఔషధ నియంత్రణ శాఖ వారికి తెలియజేయవలెను. చర్మముపై మచ్చలు గల వృద్ధ కళాకారులను ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపోయి చూపించుట గ్రామము వారు చేయదగిన మంచి పనులలో నొకటి.

మేము చూచిన ఆ వృద్ధ నటునితో ఈ విషయములన్నియు చెప్పితిమి. ఆయన చాల సేపు తన తకరపు డబ్బావంక చూచుచు కూర్చుండెను. "ఇన్నేళ్ళూ ఎవరూ చెప్పలేదండి. రంగు బాగుందన్నవారే గాని, రంగు ఏమిటని అడిగినవారు లేరు" అనెను. ఆ మాట మాకు తగిలినది. నాటకములను చూచినవారము, మెచ్చినవారము, సన్మానించినవారము మనమే, అడుగనివారమును మనమే. ఈ సంవత్సరము మీ గ్రామమున పందిరి వేయు దినమున తెర ముందరి కుర్చీలో కూర్చుండుటకు మునుపు ఒక్కసారి తెర వెనుకకు వెళ్ళి ఆ మాట అడుగుడు.

చర్చకు ప్రశ్నలు

1. మన గ్రామమునకు వచ్చు నాటక సమాజముల వారు ఏ రంగులు, ఏ పౌడరులు వాడుచున్నారు? ఎవరైన అడిగి తెలిసికొనిరా?

2. పౌడరును రుద్దక అద్దవలెనని ఎందులకు చెప్పబడినది?

3. అర్దళమునకు, సీసపు తెలుపునకు బదులుగా ఏమి వాడవచ్చును? దానికగు ఖర్చును ఎవరు భరింపవలెను?

4. వేషములు వేసికొనుటకు మన గ్రామమున ఏ గది అనుకూలము? అందు నీరు, దీపము, గడియ గల తలుపు ఉన్నవా?